జంట ఫోటాన్ల లెక్కకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు

సంపాదకులకు,

అమరావతి క్వాంటమ్ వ్యాలీ మీద ఇంత చర్చ జరుగుతున్న వేళ, మన డిగ్రీ ల్యాబుల్లోనూ విద్యార్థులు జంట ఫోటాన్లను (కాంతి కణాలను) తమ చేత్తో లెక్కపెట్టాలని మా కోరిక. 405 నానోమీటర్ల లేజరు బీబీఓ (బేరియం బోరేట్) స్ఫటికంలోంచి వెళ్తే 810 నానోమీటర్ల ఫోటాన్లు జంటగా పుడతాయి. ఫోటాన్ తగిలితే డిటెక్టరు ఒక విద్యుత్ పల్సు ఇస్తుంది; రెండు డిటెక్టర్లూ ఒకేసారి పల్సు ఇచ్చాయా లేదా తేల్చాలి. డిటెక్టర్ల ఖర్చు తప్పదు. ఆ 'ఒకేసారి'ని తేల్చే సర్క్యూట్ మాత్రం కాలేజీలోనే తయారవుతుంది. అమెరికాలో బ్రానింగ్, భండారి, బెక్ 2009లోనే దీన్ని తక్కువ ఖర్చుతో చేసి చూపారు.

చిక్కంతా పల్సు వెడల్పుతోనే. 25 నానోసెకన్ల పల్సులు రెంటిని నేరుగా యాండ్ గేటుకిస్తే (రెండు ఇన్‌పుట్లూ ఉంటేనే అవుట్‌పుట్ ఇచ్చే గేటు), 'ఒకేసారి' అని లెక్కపడే వ్యవధి, అంటే కిటికీ, 50 నానోసెకన్లవుతుంది. చెరో వైపు సెకనుకు 50,000 పల్సులొస్తే, అసలు జంటలే లేకున్నా యాదృచ్ఛికంగా సెకనుకు 125 దొంగ జంటలు నమోదవుతాయి. పల్సును 5 నానోసెకన్లకు కత్తిరిస్తే అవి 25కి దిగుతాయి. కత్తిరించే పద్ధతి తేలికే: పల్సును రెండు దారుల్లో పంపి, ఒకదాన్ని తిరగేసి ఆలస్యం చేసి, రెంటినీ యాండ్ చేయాలి. ఎంత ఆలస్యమో అంత వెడల్పు. మీటరు కోయాక్సియల్ కేబులు సుమారు 5 నానోసెకన్లు తింటుంది. పల్సును తిరగేసే ఇన్వర్టర్ గేటు సొంత ఆలస్యాన్నీ కలుపుకోవాలి. మరీ సన్నగా కోస్తే గేటు పూర్తిగా పైకి లేవకముందే పల్సు పోతుంది.

ఈ పని ఆర్డుయినో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు)తో కాదు. 16 మెగాహెర్ట్జ్‌లో దాని ఒక్క టిక్కే 62.5 నానోసెకన్లు. చిన్న ఎఫ్‌పీజీఏ (లోపలి గేట్లను మనకు కావలసినట్టు కలుపుకోగల చిప్) బోర్డు కావాలి. దాని పిన్నులు 3.3 వోల్టులవి కనుక, 5 వోల్టుల పల్సును నేరుగా ఇస్తే కాలిపోవచ్చు; మధ్యలో 5 వోల్టులు తట్టుకునే 74ఎల్‌వీసీ బఫర్ (పల్సును తగ్గించిన వోల్టేజీలో అందించే ఐసీ) పెట్టాలి. కేబులు చివర 50 ఓమ్‌ల రెసిస్టరు లేకపోతే పల్సు వెనక్కి వెళ్లొచ్చి రెండోసారి లెక్కలో పడుతుంది. బ్రెడ్‌బోర్డు మీద కట్టొద్దు: గ్రౌండ్ సరిగా ఉండదు, పల్సు అంచులు ఊగుతాయి. ప్రతి ఐసీ పవర్ పిన్ను పక్కనే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఉండాలి.

పరీక్షించడానికి ఒకే పల్సును సమానమైన కేబుళ్లతో రెండు ఇన్‌పుట్లకూ ఇస్తే మూడు లెక్కలూ (రెండు వైపులవి, జంటలది) ఒక్కటే రావాలి. తర్వాత డిటెక్టర్ల మీద వేర్వేరు మసక దీపాల వెలుగు వేసి, సెకనుకొచ్చే జంటల సంఖ్యను రెండు వైపుల లెక్కల లబ్ధంతో భాగిస్తే అసలు కిటికీ ఎంతో తెలుస్తుంది. డేటాషీట్ కన్నా ఆ అంకెనే నమ్మాలి.

విద్యాశాఖ కొన్ని కాలేజీలకు కలిపి ఒక జత డిటెక్టర్లు సమకూర్చి, సర్క్యూట్‌ను విద్యార్థులకు వదిలేయాలని కోరుతున్నాం.

— భౌతికశాస్త్ర అధ్యాపకులు