పోయిన నాలుగు నిమిషాల గురించి ఒక్కరైనా జవాబు చెప్పండి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అనే పాత దయ్యాల సినిమా రీస్టోర్డ్ (అంటే పాత ఫిల్మ్ నుంచి బాగుచేసిన) బ్లూరే డిస్క్ మీద ఏడు వారాలుగా తేలని ఫిర్యాదు.

అయ్యా,

జూన్ 4 నుంచి మీ సంస్థకు ఎనిమిది ఈమెయిళ్లు రాశాను, పదకొండు సార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ ఎవరో ఒకరు పలికారు. అడిగిన మాటకు మాత్రం ఎవరూ బదులివ్వలేదు. పెట్టె వెనక నిడివి 96 నిమిషాలని అచ్చు వేశారు. డిస్క్ పెడితే కౌంటర్ 1 గంట 32 నిమిషాల దగ్గర ఆగిపోతోంది. ఆ నాలుగు నిమిషాలు ఏమయ్యాయి? చివరి చాప్టర్‌కు దూకి కౌంటర్ చూస్తే రెండు నిమిషాల్లో తేలే సంగతి ఇది. ఏడు వారాల్లో మీ దగ్గర ఒక్కరూ ఆ డిస్క్‌ను ప్లేయర్‌లో పెట్టి చూసిన పాపాన పోలేదు.

సన్నివేశాలేవీ తెగలేదు. శ్మశానం దారిలో కారు వచ్చే మొదటి షాట్ దగ్గర్నుంచి చివరి ఫోటోల దాకా అన్నీ ఉన్నాయి. సినిమా మొత్తం పరుగెత్తుతోంది, అంతే. ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేములు నడవాలి. పాల్ (PAL) అనే పాత టీవీ ప్రసార పద్ధతిలో దాన్ని 25 ఫ్రేముల మీద నడిపేవారు. 96ని 24తో గుణించి 25తో భాగించండి, 92 వస్తుంది. శబ్దం కూడా అదే లెక్కన పరుగెడుతుంది కాబట్టి శ్రుతి 4 శాతం హెచ్చింది, హీరో డ్వేన్ జోన్స్ నిండైన గొంతు పలచబడిపోయింది. బ్లూరే డిస్క్ 24 ఫ్రేములను ఉన్నవి ఉన్నట్టు పట్టగలదు. ఒరిజినల్ నెగటివ్ నుంచి తీసిన కొత్త స్కాన్ అయితే ఈ తేడా రావడానికి కారణమే లేదు. టీవీ కోసం చేసిన ఏదో పాత మాస్టర్ (మూల కాపీ) తెచ్చి, సాగదీసి, పెట్టె మీద ‘4కే రీస్టోరేషన్’ అని రాశారన్నది నా అనుమానం. తప్పయితే తప్పని చెప్పండి. ఏ మూలం నుంచి చేశారో రాతపూర్వకంగా చెప్పమన్నాను, అంతకుమించి అడగలేదు.

దానికి మీవాళ్ల మొదటి జవాబు: డిస్క్ తుడవండి. మెత్తటి గుడ్డతో, మధ్య నుంచి అంచు వైపు తిన్నగా, గుండ్రంగా తిప్పకుండా తుడిచాను. డిస్క్ మీద మట్టి ఉంటే బొమ్మ ఆగుతుంది, గళ్లు గళ్లుగా విరుగుతుంది. మట్టి వల్ల సినిమా నాలుగు నిమిషాలు ముందు అయిపోదు. ఆ ముక్క రాసి పంపితే రెండో జవాబు: ప్లేయర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి, హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చండి. రెండూ చేశాను. మూడోది: టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపండి. అది మొదటి రోజే ఆపాను. అయినా అది ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములు పుట్టిస్తుందే తప్ప నిడివి తగ్గించదు.

నాలుగోసారి తలలు తెగిపోయిన సంగతి రాశాను. ఈ సినిమా దాదాపు చదరంగా, అంటే వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు ఉండేలా తీసింది. టీవీ నిండా కనబడాలని మీరు 1.78కి కోశారు. లెక్క వేస్తే బొమ్మ ఎత్తులో దాదాపు 23 శాతం పోయింది. కిటికీలకు పలకలు కొట్టే చోట మనుషుల నుదుళ్లు లేవు. మీ ఏజెంటు టీవీని 4:3లో పెట్టుకోమన్నారు. పెడితే ముఖాలు నిలువునా సాగి గుమ్మడికాయలు కాస్తా సొరకాయలయ్యాయి. కోత డిస్క్‌లోనే ఉన్నప్పుడు టీవీ రిమోటు పోయిన నుదుటిని ఎక్కడి నుంచి తెస్తుంది?

ఇక ఫోన్ల సంగతి. ఊరు పర్లాకిమిడి, జిల్లా గజపతి, రాష్ట్రం ఒడిశా. తెలుగు కోసం నంబరు నొక్కితే, పిన్‌కోడ్ అడిగి, “ఒడిశా కంప్లయింట్లు మేం చూడమండీ” అని ఒడియా లైనుకు కలిపారు. ఒడియాలోనే విషయమంతా చెప్పాను. విన్నాయన, ఈమెయిళ్లన్నీ తెలుగులో ఉన్నాయి కాబట్టి తెలుగువాళ్లే చూడాలని మళ్లీ ఇటు తోశారు. జూన్ 18న ఒకే ఫోనులో మూడుసార్లు అటూ ఇటూ తిప్పి, 41 నిమిషాల తరువాత లైను కట్ చేశారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది. ఇక్కడ రెండు భాషలూ ఇళ్లలో నడుస్తాయి, ఏ భాషలో మాట్లాడినా ఇబ్బంది లేదు. మీవాళ్లు రెండు భాషల్లోనూ పిన్‌కోడే విన్నారు, ఫిర్యాదు వినలేదు.

ఫోటోలు అడిగారు, పంపాను. చేరలేదన్నారు, మళ్లీ పంపాను. వీడియో అడిగారు, 5 ఎంబీ దాటకూడదన్నారు. కౌంటర్ కనబడేలా చివరి నిమిషం తీసి, కుదించి పంపాను. ఆ తరువాత పెట్టె సీలు విప్పుతూ తీసిన వీడియో కావాలన్నారు. సీలు విప్పే వీడియో దారిలో విరిగిన సరుకుకు పనికొస్తుంది. ఇది అచ్చులోనే పుట్టిన తప్పు.

జూలై 1న మార్పిడి పేరుతో ఇంకో డిస్క్ వచ్చింది. దాని లోపలి వలయం, అంటే నడుమ రంధ్రం చుట్టూ అద్దంలా మెరిసే భాగం, దీపం కింద వంచి చూడండి. అక్కడ సన్నగా చెక్కిన మాస్టర్ నంబరు ఉంటుంది. పాత డిస్క్ మీదా కొత్త డిస్క్ మీదా అక్షరం పొల్లు పోకుండా ఒకే నంబరు. ఒకే అచ్చులో పోసిన రెండు ఇటుకలు ఇవి. ఆ నంబరు రాసి పంపిన మర్నాడే ‘సమస్య పరిష్కారమైంది, కస్టమర్ సంతృప్తి చెందారు’ అని టికెట్ మూసేశారు. నేను సంతృప్తి చెందానని మీకు ఎవరు చెప్పారు?

మొదటి డిస్క్ వెనక్కి తీసుకోవడానికి మా పిన్‌కోడ్‌లో పికప్ లేదట. రెండుసార్లు ఇంటికి తెచ్చి ఇచ్చిన కొరియర్‌కు, తీసుకెళ్లడానికే దారి దొరకలేదు. ఆంధ్రా అడ్రస్ ఏదైనా ఇవ్వమంటే మహేంద్రతనయ నది అవతల పాతపట్నంలో తెలిసినవారి అడ్రస్ ఇచ్చాను. కుర్రాడు వచ్చాడు, ఓటీపీ చెప్పాం, బిల్లులో ఒడిశా ఉంది, ఇక్కడ ఆంధ్రా ఉంది కుదరదని వెళ్లిపోయాడు. సాయంత్రం ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని మెసేజ్.

ఇవన్నీ ఒక ఎత్తు. జూలై 9న మీ సీనియర్ ఏజెంటు ఒకరు అన్న మాట ఒక ఎత్తు. “సార్, అది పాత బ్లాక్ అండ్ వైట్ దయ్యాల సినిమా, తక్కువ డబ్బులతో తీశారు, క్వాలిటీ అలాగే ఉంటుంది.”

ఉండదు. 1968లో విడుదలైన ఈ సినిమాను దర్శకుడు జార్జి రొమెరో అమెరికాలోని పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల దాదాపు 1,14,000 డాలర్లతో తీశారు. రక్తానికి చాక్లెట్ సిరప్ వాడారు. డబ్బు తక్కువే, కానీ తీసింది 35 ఎంఎం ఫిల్మ్ మీద. పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ గుర్తు వేయడం మరిచారు. దాంతో అమెరికాలో హక్కులు పోయి, దొరికిన ప్రింటల్లా ఎవరికి వారు టేపులు వేసి అమ్ముకున్నారు. జనం చూసిన మురికి ఆ అరిగిన ప్రింట్లది. 2016లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి ఒరిజినల్ నెగటివ్ నుంచి 4కేలో బాగుచేస్తే అసలు బొమ్మ ఎంత పదునైనదో లోకానికి తెలిసింది. ఎవరైనా అమ్మగలిగే సినిమా కాబట్టే కొనేవాడు పెట్టె మీది ‘రీస్టోర్డ్’ అనే ఒక్క మాటను నమ్మి డబ్బు పెడతాడు.

మీ డిస్క్‌లో చచ్చి లేచినవాళ్లు పొలంలో నడిచొచ్చే చోట ఆపి చూడండి. గడ్డి పరకలు ఉండవు, బూడిద రంగు పేస్టు పూసినట్టు ఉంటుంది. ముఖాలు మైనం బొమ్మలు. ఫిల్మ్ రేణువును మురికనుకొని కడిగేశారు. ఆ రేణువుల్లోనే బొమ్మ ఉంటుంది, అవి పోతే చర్మమూ గుడ్డా గడ్డీ అన్నీ పోతాయి. పోయిన పదును తేవాలని మళ్లీ షార్ప్ చేశారు, అందుకే కొమ్మల చుట్టూ తెల్లటి గీత. ఇది చేసింది 1968 నాటి పేదరికం కాదు, మీ స్టూడియో.

ఆరేళ్లుగా మీ డిస్క్‌లు 23 కొన్నాను. మిత్రుల చేత కొనిపించాను. ప్రతి పెట్టె మీదా మీరు రాసింది నమ్మాను.

ఈ-కామర్స్ నిబంధనలు 2020 ప్రకారం మీ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదుల అధికారి) 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఆ అధికారి పేరు మూడుసార్లు అడిగినా ఇవ్వలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయిస్తున్నాను. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం కొనుగోలుదారు ఉన్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్ ముందు కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. రెండు డిస్క్‌లూ, పెట్టె వెనక 96 అని ఉన్న ఫోటో, మీ ఈమెయిళ్లూ కవర్లో పెట్టి ఉంచాను. 15 రోజుల్లో మూలం ఏదో రాతలో చెప్పి, సరైన డిస్క్ గానీ 1,499 రూపాయలు గానీ పంపకపోతే ఆ కవరు కమిషన్‌కు వెళుతుంది. పికప్‌కు మనిషిని పంపేటట్టయితే పర్లాకిమిడికే పంపండి, బిల్లు మీద ఉన్న అడ్రసుకే.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా
జూలై 24