హరారే అమ్మమ్మల బెంచీ

ప్రియమైన శ్రీధర్‌కు,

మీరంతా క్షేమమని తలుస్తాను. ఆరోగ్యం కోసం దేశాలు చేతులు కలపడమంటే సభలు, ఒప్పందాలు, ఫొటోలు తప్ప మామూలు మనిషికి ఒరిగేదేమీ లేదని కిందటి ఉత్తరంలో రాశావు. ఆ మాట నన్ను వదలడం లేదు. అందుకే జింబాబ్వే రాజధాని హరారేలో ఆసుపత్రి ఆవరణలో వేసిన ఒక చెక్క బెంచీ సంగతి నీకు వివరంగా రాస్తున్నాను.

2005లో అక్కడి ప్రభుత్వం పట్టణాల్లో అనుమతి లేని ఇళ్లను, దుకాణాలను కూల్చివేసింది. సుమారు 7 లక్షల మంది ఇల్లో, బతుకుదెరువో, రెండూనో పోగొట్టుకున్నారని ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. అంతటి దిగులును పట్టించుకోవడానికి దేశం మొత్తంలో మానసిక వైద్యులు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే ఉండేవారు. వారిలో ఒకరైన డాక్టర్ డిక్సన్ చిబాండా, 2006లో ఎంబారే అనే పేదల పేటలో ఆరోగ్య కార్యకర్తలుగా పనిచేస్తున్న 14 మంది అమ్మమ్మల సాయం తీసుకున్నారు. దిగులుతో వచ్చేవారితో వాళ్లు మాట్లాడేందుకు వేసిన బెంచీకి మొదట ఆయన మానసిక ఆరోగ్య బెంచీ అని పేరు పెడితే, నలుగురూ ఏమనుకుంటారోనని ఎవరూ దాని దరికి రాలేదు. స్నేహపు బెంచీ అని మార్చమని చెప్పింది ఆ అమ్మమ్మలే.

అక్కడ జరిగేది చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వచ్చినవారిని ముందుగా 14 ప్రశ్నలు అడుగుతారు: నిద్ర పడుతోందా, ఆలోచనలు తెగడం లేదా, చనిపోవాలనిపిస్తోందా, ఇలాంటివి. తరువాత అమ్మమ్మ పక్కన కూర్చుని, సలహా ఇవ్వడానికి తొందరపడకుండా, ఆ మనిషి కష్టాలన్నీ చెప్పేదాకా వింటుంది. వాటిలో ఒక్కదాన్ని ఎంచుకుని, దాని విషయంలో తాను చేయగలిగిన పని ఏమిటో ఆ మనిషి చేతనే చెప్పిస్తుంది. అద్దె బాకీ, భర్త కొట్టడం, హెచ్ఐవీ మందులు, పిల్లల బడి ఫీజు, అన్నీ అక్కడ మాట్లాడుకోవలసిన విషయాలే. మనసును బతుకు నుంచి విడదీయకుండా చూడటమే సంపూర్ణ ఆరోగ్యమని నేను నమ్ముతున్నాను.

ఇక దేశాలు చేతులు కలపడం గురించి నువ్వన్న మాటకు వస్తాను. ఆ 14 ప్రశ్నలకు మూలమైన ప్రశ్నావళిని 1990లలో హరారేలో స్థానికులతో కలిసి రూపొందించినవారిలో ముఖ్యుడు మన దేశానికి చెందిన డాక్టర్ విక్రమ్ పటేల్. తరువాత ఆయన గోవాలో, వైద్యులు కాని స్థానికులకే శిక్షణ ఇచ్చి దిగులుకు చికిత్స అందించే పద్ధతిని నిలబెట్టారు. బెంచీ ఫలితాలను కొలవడానికి లండన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు తోడయ్యారు. కెనడా నుంచి నిధులు వచ్చాయి. 2016లో వెలువడిన ఆ పరిశోధనలో, ఆరు నెలల తరువాత బెంచీకి వచ్చినవారిలో దిగులు లక్షణాలు మిగిలినవారు సుమారు 14 శాతం కాగా, మామూలు వైద్యం పొందినవారిలో సుమారు 50 శాతం. ఆ తరువాత అలాంటి బెంచీలు మలావీలోనూ, న్యూయార్క్ వీధుల్లోనూ వెలిశాయి. పేద దేశం నేర్పగా సంపన్న నగరం నేర్చుకుందన్న ఈ సంగతే నాకు అన్నిటికంటే ఎక్కువ సంతోషాన్నిచ్చింది. సాయమంటే ఎప్పుడూ పైనుంచి కిందికి పారవలసిన నీరు కాదు కదా.

మన దగ్గరా ఇలాంటి ప్రయత్నం జరిగింది. ఆస్ట్రేలియాలో పుట్టిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వారు పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, ఇంటింటికీ వెళ్లి దిగులు, ఆందోళన ఉన్నవారిని గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపేలా శిక్షణ ఇచ్చారు. అయితే ప్రాజెక్టు నిధులు ఆగిపోయాక ఆ పని కూడా ఆగిపోతే ప్రయోజనం ఏముంటుంది? బయటి దేశం శిక్షణకూ, పరిశోధనకూ తోడ్పడవచ్చు గానీ, ఆశా కార్యకర్తకు నెలనెలా జీతం, ఆరోగ్య కేంద్రంలో మందులు మన ప్రభుత్వాలే ఇవ్వాలి. ఈ విషయంలో నేను పట్టుబట్టే మాట ఇదొక్కటే.

పండక్కి భీమవరం వెళ్తున్నానన్నావు కదా. అక్కడి ఆశా కార్యకర్తలతో ఒక పూట మాట్లాడి, వాళ్లు ఇప్పటికీ మనసు సంగతులు అడుగుతున్నారో లేదో తెలుసుకుని నాకు వివరంగా రాయి. చెల్లెమ్మకు, పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
నీ మిత్రుడు
రాఘవ