2024–25 వార్షిక నివేదిక: ఆదివారం ఇంగ్లీషు తరగతి

సభ్యులందరికీ నమస్కారం.

మన పూర్వ విద్యార్థుల సంఘం ఇన్నేళ్లలో బడికి ఏమిచ్చిందని ఎవరైనా అడిగితే చూపించడానికి వస్తువులున్నాయి. గేటు, బెంచీలు, మంచినీళ్ల ఫిల్టరు, గోడల మీది రంగులు. ఈ ఏడాది చేసిన పనిని అలా వేలు పెట్టి చూపించలేం. అది పిల్లల నోటుబుక్కుల్లో ఉంది. అందుకే ఈసారి నివేదిక కాస్త పొడుగైంది. ఓపికగా చదవమని కోరుతున్నాను.

తెలంగాణ ప్రభుత్వ బడులన్నింటిలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం 2022–23లో మొదలైంది. అప్పుడు ఎనిమిదిలో ఉన్న పిల్లలే ఈ ఏడు పదో తరగతి రాశారు. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలతో వాళ్లు ఇక్కడిదాకా వచ్చారు. ఆ పుస్తకాలు మంచి సాయమే చేశాయి. అయితే ఎదుటి పేజీ చూసి అర్థం చేసుకోవడం వేరు, తన మనసులో ఉన్న మాటను ఖాళీ పేజీ మీద పెట్టడం వేరు. రెండోది గైడులో దొరకదు. కిందటి సర్వసభ్య సమావేశంలో మనం చేసిన తీర్మానం దీని గురించే. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ప్రతి ఆదివారం రెండు గంటలు ఇంగ్లీషు. వ్యాకరణం బిట్లు కాదు. ఒక అభిప్రాయాన్ని కారణాలతో రాసి ఎదుటివారిని ఒప్పించడం, రాసిన మాటకు ఆధారం వెతకడం, పాఠ్యపుస్తకంలోని కథనూ నాటకాన్నీ కథగా, నాటకంగా చదవడం.

38 మంది పిల్లలు చేరారు. పదవీ విరమణ చేసిన ఇద్దరు ఇంగ్లీషు ఉపాధ్యాయులు, డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పే మన సభ్యురాలు ఒకరు, మనందరికీ ఒకప్పుడు తెలుగు చెప్పిన పంతులుగారు బోధనకు ముందుకొచ్చారు. పేర్లు వేయవద్దని నలుగురూ కోరారు. వారికి సంఘం చేతులెత్తి నమస్కరిస్తోంది.

మొదటి ఆదివారం పిల్లలకు ఇచ్చిన పని చిన్నదే. మీకు నిజంగా కావలసినదేదో ఒకటి అడుగుతూ, దాన్ని ఇవ్వగలిగిన మనిషికి ఇంగ్లీషులో ఉత్తరం రాయండి అన్నాం. సగానికి పైగా పిల్లలు జ్వరం వచ్చింది, రెండు రోజులు సెలవు ఇప్పించగలరు అని రాసిచ్చారు. మనం కూడా బట్టీ పట్టిన ఉత్తరమే అది. ఒక్క అక్షరం మారలేదు. ఆ గదిలో ఎవరికీ జ్వరం లేదు. ఆ కాగితాలు చూసి నాకు చాలా బాధ కలిగింది. ఇంగ్లీషులో అడగదగినది సెలవు ఒక్కటేనని పదేళ్ల చదువు వాళ్లకు నేర్పింది.

రెండో వారం తెలుగు పంతులుగారు సుద్దముక్క తీసుకుని బోర్డు మీద కొండ గీశారు, దాని మీద పొగ గీశారు. కొండ మీద నిప్పుంది అన్నారు. ఎలా తెలుసని పిల్లలను అడిగారు. పొగ ఉంది కాబట్టి. పొగ ఉంటే నిప్పున్నట్టేనా? మా వంటింట్లో అంతే కదా సార్ అంది వెనక బెంచీలోని అమ్మాయి. ప్రతిజ్ఞ (చెప్పదలచిన మాట), హేతువు (దానికి కారణం), ఉదాహరణ అని మన తర్కశాస్త్రం ఎన్నో శతాబ్దాలుగా చెబుతున్నది ఇదే. ఇంగ్లీషులో ఒప్పించేలా రాయడానికి కావలసిన ఎముకల గూడు కూడా ఇదే. ఆ రోజు నుంచి మా తరగతిలో రాత దిద్దడమంటే మూడు ప్రశ్నలు అడగడమే అయింది. ఏమంటున్నావు? ఎందుకంటున్నావు? ఎక్కడ చూశావు? ఎర్రసిరాతో స్పెల్లింగులు చుట్టడం ఆ తర్వాతి పని.

ఇక్కడ ఒక ఉత్తరం గురించి వివరంగా చెప్పాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి మన అధ్యక్షులకే రాసిన ఉత్తరం అది. అప్పుడు తరగతి మధ్యాహ్నం రెండింటికి ఉండేది. ‘మధ్యాహ్నం ఇబ్బందిగా ఉంది, దయచేసి మార్చండి’ అన్నది మొదటి ప్రతి. నాలుగు వాక్యాల్లో మూడు దయచేసిలు. ఎవరికి ఇబ్బంది, ఎంతమందికి అని టీచరు అడిగారు. ఆ అమ్మాయి వారమంతా తోటి పిల్లల ఇళ్లకు తిరిగి లెక్క తెచ్చింది. ఆదివారం మధ్యాహ్నం బట్టల ఉతుకు, చిన్నపిల్లలను చూసుకోవడం వంటి పనుల వల్ల రాలేకపోతున్న ఆడపిల్లలు ఏడుగురు, మేకల వెంట వెళ్లే మగపిల్లలు ఇద్దరు. రెండో ప్రతిలో లెక్క చేరింది కానీ చివరి వరసలో చేరింది. మనవాళ్లు ఉత్తరం రాస్తే క్షేమసమాచారాలతో మొదలుపెట్టి అసలు సంగతి చివర చెబుతారు, అది మన మర్యాద. మన వాక్యంలో క్రియ కూడా చివరే వస్తుంది. ఇంగ్లీషు ఉత్తరంలో అడగవలసింది ముందు అడిగి, కారణాలు తర్వాత చెప్పాలి. ఈ తేడా ఒకటి పట్టుబడితే చాలు, పిల్లల రాత సగం దారికి వస్తుందని మా అనుభవం. నాలుగో ప్రతి మొదటి వాక్యమే ఇలా ఉంది: తరగతిని పొద్దున ఎనిమిదింటికి మారిస్తే ఇప్పుడు రాలేని తొమ్మిది మంది వస్తారు. అంతటితో ఊరుకోలేదు. సార్లు పట్నం నుంచి అంత పొద్దున్నే ఎలా వస్తారని మీరు అడగవచ్చు, ఏడున్నరకు మన స్టేజీ దగ్గర దిగే బస్సు ఉంది అని మేము చెప్పబోయే అభ్యంతరానికి ముందే జవాబు రాసింది.

కార్యవర్గంలో వేళ మార్చవద్దన్నవారిలో నేనూ ఉన్నాను. ఆ ఉత్తరం చదివాక నా దగ్గర చెప్పడానికేమీ మిగలలేదు. మరుసటి వారం నుంచి తరగతి ఎనిమిదింటికి మారింది. తొమ్మిది మందిలో ఎనిమిది మంది వచ్చారు. ఉత్తరంలో రెండు స్పెల్లింగు తప్పులున్నాయి, వాటిని అలాగే ఉంచి ఫైల్లో పెట్టాం. చూడదలచినవారు కార్యాలయంలో అడగవచ్చు.

ఎదుటివారి అభ్యంతరాన్ని మన పెద్దలు పూర్వపక్షం అన్నారు, ముందు దాన్ని చెప్పి తర్వాత జవాబు చెప్పేవారు. దీన్ని నేర్పడానికి తరగతిలో వాడిన విషయం కోతులు. మన ఊళ్లలో కోతుల బాధ ఎలాంటిదో సభ్యులకు చెప్పనక్కర్లేదు. కోతుల వల్ల వేరుశనగ మానేసిన రైతు కొడుకు ఒకడు తరగతిలో ఉన్నాడు. వాటిని పట్టి దూరంగా వదిలేయాలని ఆవేశంగా రెండు పేజీలు రాశాడు. అతనికే కోతుల పక్షాన రాయమని చెప్పాం. మొదట మొండికేశాడు. తర్వాత అడవిలో పండ్ల చెట్లు తగ్గడం, గుడి దగ్గర మనమే వాటికి అరటిపళ్లు అలవాటు చేయడం, ఒక ఊరివాళ్లు పట్టి ఇంకో ఊరి పొలిమేరలో వదలడం, ఇవన్నీ వెతికి రాసుకొచ్చాడు. నిర్మల్ జిల్లాలో 2020లో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం తెరిచి అక్కడ సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు చేస్తున్న సంగతి కూడా పాత దినపత్రికల్లో పట్టుకున్నాడు. చివరి ప్రతిలో అతని అభిప్రాయం పూర్తిగా మారలేదు. దూరంగా వదిలేయాలి అన్నచోట పుట్టుక తగ్గించాలి, అడవిలో తిండి పెంచాలి అని వచ్చింది. తన బాధను దాచుకోకుండానే ఎదుటి మాట విన్న రాత అది.

ఇక ఆధారం వెతకడం. ప్రాజెక్టు పనికి బడిలో మార్కులున్నాయి కానీ నెట్‌ సెంటరులో ముద్రించిన కాగితాలను చార్టుకు అంటించడమే ప్రాజెక్టు అని పిల్లలు అనుకుంటున్నారు. మేము రామప్ప గుడిని విషయంగా ఇచ్చాం. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గుడి, మనకు దగ్గరిది, పిల్లలందరికీ తెలిసినది. తెలిసిన విషయంలోనే వెతకడం నేర్పాలని డిగ్రీ కళాశాల మేడం పట్టుబట్టారు, అదే సరైనదని తేలింది. కొందరు 1213లో గుడి కట్టారని రాశారు. మరికొందరు 1213లో మొదలై సుమారు 40 ఏళ్లు కట్టారని రాశారు. ఇద్దరూ పుస్తకం చూసే రాశారు. మరి ఎవరిది నిజం?

అక్కడి నుంచి అసలు పాఠం మొదలైంది. హనుమకొండలో 1904లో స్థాపించిన రాజరాజ నరేంద్ర భాషానిలయం అనే గ్రంథాలయానికి పిల్లలను తీసుకెళ్లాం. తర్వాత రామప్ప గుడి ఉన్న పాలంపేటకు. అక్కడ శాసనం ముందు నిలబడి, దాని మీది శక సంవత్సరం 1135 అంటే క్రీస్తుశకం 1213 అని పిల్లలే లెక్క కట్టారు. శకానికి 78 కలపాలన్నది వాళ్లకు ఆ రోజే తెలిసింది. 40 ఏళ్ల మాట యునెస్కో వివరణ నుంచి వచ్చింది, అక్కడ కూడా ‘భావిస్తున్నారు’ అనే ఉంది. గుడిని కట్టించింది కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. జనం నోట నిలిచింది మాత్రం శిల్పిదని చెప్పుకునే రామప్ప పేరు. ఈ మూడింటినీ మూడు రకాలుగా రాయాలని పిల్లలు గ్రహించారు. శాసనం ప్రకారం, యునెస్కో ప్రకారం, జనం చెప్పుకునే ప్రకారం. ‘ప్రకారం’ అనే ఆ ఒక్క మాటకు ఇంగ్లీషు నేర్చుకున్నాక వాళ్ల రాతకు వెన్నెముక వచ్చింది. ఒకబ్బాయి అందరూ చెప్పే ప్రకారం అని రాస్తే, అందరూ అంటే ఎవర్రా అని పక్కవాడే అడిగాడు.

సాహిత్యం దగ్గర ఒక పాఠం గురించే చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని ముందు చిన్నవే. పదో తరగతి ఇంగ్లీషు వాచకం చివరి యూనిట్‌లో ‘వాట్ ఈజ్ మై నేమ్?’ అని ఒక కథ ఉంది. ఇల్లు శుభ్రం చేసుకోవడంలో మునిగిపోయి తన పేరు మరిచిపోయిన గృహిణి కథ. అది పి. సత్యవతిగారి తెలుగు కథ అని మా తరగతిలో ఒక్కరికీ తెలియదు. గైడులో ప్రశ్నలూ జవాబులూ ఉన్నాయి, అవి వాళ్లకు కంఠతా వచ్చు. మేము తెలుగు మూలం ‘ఇల్లలకగానే’ తెచ్చి, పేరా పేరా పక్కపక్కన పెట్టి చదివించాం. పేరు వినగానే ‘పండగ కాదు’ అని పిల్లలు సామెత పూర్తి చేశారు. ఇల్లలుకుతూ పేరు మరిచిపోయిన ఈగ కథ కూడా గుర్తు చేసుకున్నారు. మరి ఇంగ్లీషు పేరులో సామెత ఏమైంది, ఈగ ఏమైంది అని పంతులుగారు అడిగారు. గది నిశ్శబ్దమైంది. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి వెళ్లేటప్పుడు ఏది దాటుతుంది, ఏది ఒడ్డునే ఉండిపోతుంది అన్నది ఆ వయసు పిల్లలు ఆలోచించడం నేను కళ్లారా చూశాను.

ఆ వారం రాత పని: మీ వాడకట్టులోని ఆడవాళ్ల అసలు పేర్లు కనుక్కోండి. అందరూ ఫలానావాళ్ల అమ్మ, ఫలానా ఇంటి కోడలు, చిన్నమ్మ, అత్తమ్మ. తన సొంత నాయనమ్మ పేరు ఆధార్ కార్డు చూసి తెలుసుకున్నానని ఒకబ్బాయి ఇంగ్లీషులో రాశాడు. చదివి వినిపిస్తూ మధ్యలో ఆగిపోయాడు. కథలో ఆమెను చివరికి పేరుతో పిలిచింది చిన్ననాటి స్నేహితురాలు. మా నాయనమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇంకా ఎవరైనా బతికి ఉన్నారా అన్నది అతని చివరి వాక్యం. ఇది గైడులో లేని జవాబు. పరీక్షలో దీనికి ఎన్ని మార్కులు వస్తాయో నేను చెప్పలేను, కానీ ఆ వాక్యం కోసమైనా ఈ తరగతి నడవాలని నా గట్టి నమ్మకం.

వాయిదాల మీద సంసారం నడిపే జంట గురించిన ‘ది నెవర్ నెవర్ నెస్ట్’ నాటకాన్ని పిల్లలు సంక్రాంతి సెలవుల ముందు ఆడారు. ఇంట్లో ఫోను, బండి, టీవీల వాయిదాలు లెక్కవేసి తెచ్చిన పిల్లలూ ఉన్నారు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ముగ్గురు తల్లిదండ్రులు వచ్చి గ్రామరు ఎందుకు చెప్పడం లేదని నిలదీశారు. వారి ఆందోళనలో న్యాయం ఉంది. వచ్చే ఏడు ప్రతి తరగతిలో అరగంట వ్యాకరణానికి కేటాయించాలని ఉపాధ్యాయులు నిర్ణయించారు, అయితే పిల్లలు రాసిన వాక్యాలనే తీసుకుని చెబుతారు. జనవరి నుంచి పదో తరగతి పిల్లలు ప్రత్యేక తరగతుల వల్ల రాలేదు, తొమ్మిదో తరగతివాళ్లు 21 మందే మిగిలారు. ఫోనులో తెలుగు చెప్పి ఇంగ్లీషు రాయించుకుని తెచ్చిన వ్యాసాలు కూడా వచ్చాయి. అందులోని మాటలు పిల్లవాడికే పలకడం రాలేదు. ఎవరినీ తిట్టలేదు. రాసినదాన్ని గట్టిగా చదివి, తెలుగులో చెప్పి, ఒక ప్రశ్నకు జవాబివ్వాలి అనే నియమం పెట్టాం. నెల తిరిగేసరికి ఫోను రాతలు వాటంతటవే తగ్గాయి.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా అందజేస్తారు. ఎక్కువ ఖర్చు 12 నిఘంటువులకూ, పాలంపేట ప్రయాణానికీ అయింది. ఉపాధ్యాయులెవరూ బస్సు చార్జీలు కూడా తీసుకోలేదు.

వచ్చే ఏడాదికి నెలలో ఒక్క ఆదివారమైనా ఇవ్వగల ఇద్దరు సభ్యులు కావాలి. ఇంగ్లీషు బాగా రావాలన్న షరతు లేదు. పిల్లల రాత ఓపికగా విని, ఎందుకు అని అడగగలిగితే చాలు. పాత వారపత్రికలు, దినపత్రికల ఆదివారం సంచికలు ఉన్నవారు పారేయకుండా బడికి పంపగలరు.

పదో తరగతి పూర్తిచేసిన పిల్లలు 17 మంది సంతకాలు పెట్టి సంఘానికి ఒక ఉత్తరం ఇచ్చారు. ఇంటర్ చదివేటప్పుడు కూడా తమను ఆదివారం తరగతికి రానివ్వాలని, బదులుగా తొమ్మిదో తరగతివాళ్ల ప్రతులు తాము దిద్దుతామని అందులో అడిగారు. నివేదికకు జతచేశాను. దయచేసి చదివి సమావేశానికి రండి. కాదనేవారు కారణం రాసివ్వాలని పిల్లలు ఉత్తరం చివర కోరారు, కార్యవర్గం అందుకు ఒప్పుకుంది.

కార్యదర్శి