ఫ్రీగా ఇచ్చే హెచ్ఐవీ మందు నాసిరకం కాదు

సంపాదకులకు నమస్కారం.

మా పాలమూరు పల్లెల్లో ఒక తప్పుడు మాట గట్టిగా తిరుగుతోంది. సర్కారు దవాఖానలో హెచ్ఐవీకి ఇచ్చేది జనరిక్ మందు (మొదట కనిపెట్టిన కంపెనీది కాకుండా వేరే కంపెనీలు తయారుచేసే అదే మందు), అది సరిగా పనిచేయదు అని. మా బంధువు ఒకాయనకు ఊళ్లో ఆర్ఎంపీ ఇదే చెప్పి ఏఆర్‌టీ సెంటర్ (హెచ్ఐవీకి ఉచితంగా మందులిచ్చే సర్కారు కేంద్రం) మాన్పించి, బయట కొనిపించాడు. కూలి పైసలతో ఎన్నాళ్లు కొంటాడు? చేతిలో డబ్బుల్లేని నెల మందే ఆపేశాడు. ఆపితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, ఒక్కోసారి ఆ మందుకు లొంగకుండా కూడా పోతుంది. ఇప్పుడు నచ్చజెప్పి మళ్లీ సెంటర్‌కు పంపుతున్నాం. సీసా మీద లేబుల్ గీకేసి బియ్యం డబ్బా వెనక దాచుకుంటాడు, రాత్రి అన్నం తిన్నాక ఒక్క మాత్ర వేసుకుంటాడు. ఆ ఒక్క మాత్రలోనే టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్ మూడూ ఉంటాయి.

రేటు తగ్గిందంటే లోపల మందు తగ్గిందని కాదు. 2000 ప్రాంతంలో ఈ చికిత్సకు మనిషికి ఏడాదికి 10,000 డాలర్ల పైనే అయ్యేది, ఎందుకంటే పేటెంట్ (తయారుచేసి అమ్మే ఏకైక హక్కు) ఉన్న కంపెనీ చెప్పిందే ధర. 2001లో మన సిప్లా మూడు మందులు కలిపి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామంది. 1970 నాటి మన పేటెంట్ చట్టం మందుల విషయంలో తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చేది కాబట్టి (2005లో అది మారింది) మనవాళ్లు వేరే పద్ధతిలో అదే మందు తయారుచేయగలిగారు. తర్వాత హెటిరో, అరబిందో లాంటి హైదరాబాద్ కంపెనీలూ దిగాయి, పోటీ పెరిగేకొద్దీ ధర పడిపోయింది. నేను పైన చెప్పిన మూడు మందుల మాత్రను పేద దేశాలకు ఏడాదికి దాదాపు 75 డాలర్లకు ఇచ్చేలా 2017లో ఒప్పందం కుదిరింది. మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ నుంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది, ఇంత పెద్ద ఎత్తున ఇవ్వగలుగుతోందంటే ఈ జనరిక్‌ల వల్లే.

జనరిక్‌కు అనుమతి రావాలంటే అసలు మందు రక్తంలోకి ఎంత చేరుతుందో ఇదీ అంతే చేరుతుందని పరీక్షల్లో చూపించాలి. ఆఫ్రికాలో లక్షలమంది మన దేశపు మాత్రలతోనే బతుకుతున్నారు. మన జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో ఈ హెటిరో, అరబిందోల ఫ్యాక్టరీలు కూడా ఉన్నాయి! మన దగ్గరి కంపెనీల మందును మనమే నమ్మకపోతే ఎట్లా?

దయచేసి మీ జిల్లా పేజీలో ఈ సంగతి వివరంగా రాయండి, 1097 హెచ్ఐవీ హెల్ప్‌లైన్ నంబరు కూడా వేయండి. మందు మార్చాలా వద్దా అన్నది సెంటర్ డాక్టర్ చెప్పాలి, ఊళ్లో ఆర్ఎంపీ కాదు.

– ఒక పాఠకుడు, జడ్చర్ల