పన్ను క్రెడిట్‌కు అందిన సరుకు, చెల్లింపుకు అందలేదా?

సంపాదకుడు గారికి నమస్కారం.

చిన్న పరిశ్రమల మాట రాగానే ప్రభుత్వాలకు తట్టేది కొత్త రుణ పథకమే. ముద్రా రుణం 20 లక్షల దాకా పెంచారు. తాకట్టు లేని రుణాలకు ఇచ్చే గ్యారంటీ పరిమితిని 10 కోట్లకు తీసుకెళ్లారు. మంచిదే. కానీ బాలానగర్‌లోనో, జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో నాలుగు మిషన్లతో నడిచే వర్క్‌షాపు మూతపడేది చాలాసార్లు అప్పు పుట్టక కాదు, రావలసిన బాకీ రాక. పెద్ద కంపెనీ దగ్గర ఇరుక్కున్న తన డబ్బు కోసం చిన్న యజమాని బ్యాంకులో వడ్డీ కడుతూ ఉంటాడు. అంటే ఆ పెద్ద కంపెనీకి వడ్డీ లేని అప్పు ఇస్తున్నది అతనే.

దీనికి చట్టం లేదా అంటే, 2006 నుంచీ ఉంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థకు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. పర్చేజ్ ఆర్డర్ మీద '90 రోజులు' అని ముద్రించుకున్నా అది చెల్లదు. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ 18 శాతం. 5 లక్షల బిల్లు మూడు నెలలు ఆలస్యమైతే వడ్డీయే 22,800 రూపాయలు దాటుతుంది. ఈ వడ్డీని ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోవడానికి కూడా వీల్లేదు. కాగితం మీద ఇంతకంటే గట్టి చట్టం అడగలేం.

చిక్కంతా ఆ 45 రోజుల లెక్క ఎక్కడ మొదలవుతుందన్న దగ్గరే. చట్టం లెక్కపెట్టేది బిల్లు తేదీ నుంచి కాదు, సరుకును 'ఒప్పుకున్న' రోజు నుంచి. సరుకు చేరిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, చేరిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. ఈ సంగతి చాలామంది సరఫరాదారులకు తెలియదు. జరిగేదేమిటంటే, లారీ గేటు దాటి స్టోర్స్‌లోకి వెళ్తుంది. చలానా మీద సెక్యూరిటీ ముద్ర పడుతుంది కానీ తేదీ ఉండదు, ఉన్నా 'తనిఖీకి లోబడి' అని రాస్తారు. ఇన్‌స్పెక్షన్ ఎప్పుడని అడిగితే ఇంజినీరు సెలవులో ఉన్నాడంటారు. నెల గడిచాక 'రెండు పీసులు సైజు తేడా ఉన్నాయి' అని ఫోనులో నోటిమాట. ఆ రెండింటి కోసం మొత్తం లాటు బిల్లు ఆగిపోతుంది. నోటిమాటకు చట్టంలో విలువ లేదు. కానీ రాతపూర్వక అభ్యంతరం రాలేదని నిరూపించాల్సిన భారం చిన్నవాడి మీదే పడుతుంది.

ఈలోగా అతని ఖర్చులు ఆగవు. బిల్లు రాసిన నెలకు జీఎస్టీ సాధారణంగా మరుసటి నెల 20లోగా కట్టాలి, డబ్బు వచ్చిందా లేదా అని ఎవరూ అడగరు. ఆలస్యమైతే 18 శాతం వడ్డీ. బ్యాంకు వైపు ఇంకో దెబ్బ. సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతాలో డ్రాయింగ్ పవర్, అంటే ఎంతవరకు డబ్బు తీసుకోవచ్చో లెక్కగట్టేటప్పుడు 90 రోజులు దాటిన బాకీలను సాధారణంగా పక్కన పెట్టేస్తారు. అంటే బిల్లు ఎంత ఆలస్యమైతే వాడుకోగల పరిమితి అంత తగ్గుతుంది. చేతిలో డబ్బు లేనప్పుడే బ్యాంకు కూడా చెయ్యి ముడుచుకుంటుందన్నమాట. ఖాతా 90 రోజులు సర్దుబాటు కాకపోతే మొండి బాకీ ముద్ర. కొనుగోలుదారుకు మాత్రం ఏ ముద్రా ఉండదు.

ఫిర్యాదుకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, ఈ బాకీ తగాదాలు తేల్చడానికి రాష్ట్రాల్లో ఫెసిలిటేషన్ కౌన్సిళ్లున్నాయి. చట్టం కౌన్సిల్‌కు 90 రోజుల గడువు పెట్టింది. ఆ గడువులో తేలే కేసులు ఎన్ని ఉంటాయో అక్కడికి వెళ్లిన వారిని అడిగితే తెలుస్తుంది. తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందు 75 శాతం డిపాజిట్ చేయాలన్న నిబంధన మాత్రం నిజంగా పనికొచ్చేది. అయితే ఫిర్యాదు చేసిన వాడికి మళ్లీ ఆర్డర్ రాదు. పెద్ద కస్టమర్ ఒక్కడే ఉన్న యూనిట్ ఆ తలుపు తట్టదు.

ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) తెచ్చినప్పుడు చాలామంది ఆశపడ్డారు. గడువులోగా చెల్లించకపోతే ఆ కొనుగోలును ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు. కానీ మార్చి 31లోపు చెల్లించేస్తే ఏ ఇబ్బందీ లేదు. ఏప్రిల్‌లో కొన్న సరుకుకు మార్చిలో డబ్బిచ్చినా పన్ను లెక్కల్లో తప్పు పట్టరు. అందుకే ఒత్తిడి ఏడాది చివర్లో ఒక్క నెల మాత్రమే కనిపిస్తుంది. చిన్న సంస్థగా ఈ రక్షణ ఇచ్చే ప్రభుత్వ నమోదును, అంటే ఉద్యమ్ నమోదును రద్దు చేసుకుంటేనే ఆర్డర్ ఇస్తామన్న కొనుగోలుదారులూ బయల్దేరారు. సరుకు తయారుచేయకుండా కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ వర్తించదు కూడా.

బిల్లు మీద బ్యాంకుల నుంచి ముందే డబ్బు ఇప్పించే ఆన్‌లైన్ వేదిక ట్రెడ్స్ సంగతీ అంతే. 250 కోట్లకు మించి టర్నోవర్ ఉన్న కంపెనీలు 2025 మార్చి 31 నాటికి అందులో చేరాలన్నారు. చేరడం తప్పనిసరే గానీ, బిల్లును ఒప్పుకోవడం కాదు. కొనుగోలుదారు 'అంగీకరిస్తున్నాను' అని నొక్కితేనే బ్యాంకులు వేలంలో పాల్గొని, సరఫరాదారుకు డబ్బిస్తాయి. తిరిగి తిరిగి మళ్లీ సరుకును 'ఒప్పుకున్న' తేదీ దగ్గరికే వస్తాం.

నా సూచన కొత్త పథకం కాదు. ఆ తేదీ ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉంది. సరుకు అందితేనే కొనుగోలుదారు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకు మీది జీఎస్టీని తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకోవాలని జీఎస్టీ చట్టం చెబుతోంది. 2024 అక్టోబరు నుంచి జీఎస్టీ పోర్టల్‌లో ప్రతి బిల్లునూ అంగీకరించడానికి, తిరస్కరించడానికి, పెండింగ్‌లో ఉంచడానికి వీలు కల్పించారు. సరుకు రాలేదా, నాణ్యత బాగోలేదా, పెండింగ్ నొక్కవచ్చు. కానీ క్రెడిట్ వాడేసుకుని, మరోవైపు సరుకు ఇంకా ఒప్పుకోలేదని చెప్పడం కుదరకూడదు. క్రెడిట్ తీసుకున్న బిల్లుకు అభ్యంతరం రాతపూర్వకంగా లేకపోతే, ఆ బిల్లును ఒప్పుకున్నట్టే పరిగణించి 45 రోజుల గడియారం మొదలుపెట్టాలి. ట్రెడ్స్‌లో కూడా అదే అంగీకారంగా చెల్లాలి. నిజంగా లోపమున్న లాటుకు బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ సరఫరాదారు ఇచ్చే క్రెడిట్ నోట్ ఉండనే ఉంది కాబట్టి నిజాయితీ గల కొనుగోలుదారుకు నష్టం లేదు.

ఇంకొకటి. డబ్బు చెల్లించకపోతే 180 రోజుల తర్వాత కొనుగోలుదారు ఆ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలని జీఎస్టీలోనే నిబంధన ఉంది. ఒక చట్టం 45 రోజులంటే మరో చట్టం ఆర్నెల్ల దాకా ఊరుకోవడం ఏమిటి? ఉద్యమ్ నమోదున్న సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లుల వరకు ఈ 180ని 45కు తగ్గిస్తే, వసూలు కోసం సరఫరాదారు ఎవరి మీదా ఫిర్యాదు చేయనక్కర్లేదు. ఆ పని పన్ను వ్యవస్థే చేస్తుంది. కొనుగోలుదారుకు క్రెడిట్ ఇవ్వలేని కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారికి, జీఎస్టీ నమోదే లేని అతి చిన్నవారికి ఇది అందదు, నిజమే. వారికి చలానా మీద తేదీతో కూడిన ముద్రను తప్పనిసరి చేయాలి.

అంతవరకు సరఫరాదారులు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఉద్యమ్ నమోదు సరుకు పంపక ముందే ఉండాలి, బాకీ పడ్డాక చేయించుకుంటే కోర్టులో చిక్కే. ఆ నంబరు ప్రతి బిల్లు మీద, '45 రోజులు దాటితే చట్టప్రకారం వడ్డీ' అన్న ఒక్క వాక్యంతో సహా ముద్రించాలి. గేటు దగ్గర చలానా మీద సంతకంతో పాటు తేదీ వేయించుకోవాలి. వేయకపోతే అదే రోజు 'సరుకు అందజేశాం' అని ఈమెయిల్ పంపాలి. ఫోనులో అభ్యంతరం చెబితే, అది ఏ పీసులకు, ఎన్నింటికో రాసి పంపమని మెయిల్లో అడగాలి. బాగున్న పీసుల బిల్లును విడదీసి చెల్లించమని అదే మెయిల్లో కోరాలి.

భవదీయులు,
చిన్న పరిశ్రమల పద్దులు చూసే ఒక పాఠకుడు