ఆ డ్రమ్ము నూనె ఎందుకు చెడిందంటే

అన్నలకు, అక్కలకు నమస్కారం. అనంతపురంలోని మా గానుగలో శ్రావణంలో శెనగనూనె తీసుకున్న కొందరు మక్కిన వాసన వస్తోందన్నారు. నిజమే, ఒక డ్రమ్ము చెడింది. ఆ నూనె మిగిలి ఉంటే వాడొద్దు. సగం వాడిన క్యానైనా తెచ్చేయండి, డబ్బులు వెనక్కిస్తాం.

వాసనతో పోయేదైతే ఇంతగా చెప్పను. చెమ్మ తగిలిన విత్తనాలకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టొచ్చు. అది లివర్‌కు చేటు, పొయ్యి మీద మరిగించినా పోదు. రిఫైనరీలో శుద్ధి చేస్తే చాలావరకు పోతుంది గానీ గానుగ నూనెకు ఆ దశే లేదు. మాకున్న కాపలా అంతా విత్తనాలు ఏరే చోటే.

అక్కడే దెబ్బతిన్నాం. గోడౌన్‌లో నేల మీద వేసిన అడుగు మూటలు వానలకు చెమ్మ పట్టాయి. ఏరే అక్క ఒకామె ముందే చూసింది, చెప్పలేదు. ఎందుకని అడిగితే చాలాసేపటికి నోరు విప్పింది: "పోయినేడు ఒగ మూట పక్కన పెడితే అరిస్తివి కదన్నా. మాకు కేజీ లెక్కన కూలి. తీసి పారేస్తే మాకే తగ్గుతాది."

అరిచిన సంగతి నాకు గుర్తు కూడా లేదు. ఆమెకుంది.

మొదట కేజీ లెక్క తీసేసి రోజు కూలి పెట్టాను. మూటల కింద చెక్కబల్లలు వేశాం. ఏరి తీసేసిన పుచ్చు గింజల్ని రోజూ తూచి రాస్తున్నాం. మొదటి వారం పదిహేను కేజీలకు 200 గ్రాములే చూపించారు, భయంతో. ఇప్పుడు 600 దాటుతోంది. ఆ అంకె పెరగడం నాకు సంతోషం. ఆ గింజల్ని పశువుల దాణాకూ అమ్మడం లేదు, ఆ విషం పాలల్లోకి వస్తుంది కాబట్టి. గుంత తీసి పూడుస్తున్నాం.

మొన్న గానుగ దగ్గరి పిల్లోడు విత్తనాలు చెమ్మగా ఉన్నాయని తనంతట తానే మోటారు ఆపేశాడు. చూస్తే బాగానే ఉన్నాయి. పూట పని పోయింది. అయినా "ఆపి మంచి పని చేసినావు నాయనా" అన్నాను, అందరూ వినేలా.

వీటన్నిటివల్ల లీటరుకు ఎనిమిది రూపాయలు పెంచాల్సి వచ్చింది. నూనె తేరడానికి మూడు రోజులు పడుతుంది, దసరాకు కావాల్సినవాళ్లు ముందే చెప్పండి.