స్కాన్ చేసి పెడితే సరిపోదు మంత్రిగారూ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. పాఠ్యపుస్తకాలు ఆన్‌లైన్‌లో పెట్టించారు, సంతోషం. కానీ వాటిలో చాలావరకు పేజీల ఫోటోలే. కళ్లు బాగున్నవాళ్లకు తేడా తెలియదు. నాలాంటి లో విజన్ వాళ్లకు, అంటే అద్దాలు పెట్టుకున్నా చూపు సరిగా ఆననివాళ్లకు మాత్రం చదవాలో మానేయాలో తేల్చేది అదే.

పెద్దది చేసుకుని చదువుకోవచ్చుగా అంటారు మీ అధికారులు. ఫోటోను పెద్దది చేస్తే లైను స్క్రీన్ దాటిపోతుంది. చివరిదాకా జరిపి వెనక్కి వచ్చేసరికి ఏ లైన్లో ఉన్నామో మర్చిపోతాం. పైగా చూపు తగ్గడం అందరికీ ఒకేలా ఉండదు. కంటి లోపలి తెర మధ్యభాగమైన మాక్యులా దెబ్బతింటే మధ్యలో మసక, చుట్టూ కాస్త కనిపిస్తుంది. వాళ్లకు పెద్ద అక్షరం కావాలి. కంటి నరాన్ని దెబ్బతీసే గ్లకోమా (నీటికాసులు) ముదిరినవాళ్లకు మధ్యలో చిన్న వలయమంత చూపే మిగులుతుంది. అక్షరం మరీ పెద్దదైతే అందులో ఒక్క పదం కూడా పట్టదు. శుక్లం ఉన్నవాళ్లలో చాలామందికి తెల్ల కాగితం వెలుగే శత్రువు, నలుపు మీద తెల్ల అక్షరాలు హాయి.

ఆడియో ఇస్తున్నాం కదా అనకండి. కథ వినొచ్చు. భిన్నాలు, పట్టికలు, పటంలో పేర్లు చూడాల్సిందే.

దీనికి కావలసిన ఇమేజ్ ప్రాసెసింగ్, అంటే పేజీ ఫోటోను కంప్యూటర్‌తో శుభ్రం చేసే పని, కొత్తదేమీ కాదు. కాగితం నుంచి అక్షరాన్ని వేరు చేసే ఓత్సు పద్ధతి 1979 నాటిది. అయితే అది ఇంతకంటే ముదురుగా ఉంటే అక్షరం, లేకుంటే కాగితం అని పేజీ మొత్తానికీ ఒకే హద్దు గీస్తుంది. పుస్తకం కుట్టు దగ్గర పడిన నీడ నల్లమచ్చగా మారి, పక్కనున్న పదాలన్నీ అందులో మునిగిపోతాయి. చోటును బట్టి హద్దు మార్చే అడాప్టివ్ థ్రెషోల్డింగ్ వాడితే అవి బయటపడతాయి. అదీ గుడ్డిగా వాడకూడదు. మరకలు తుడిచే ఊపులో 'ధ' కింది చిన్న గీత ఎగిరిపోతే 'ద' అవుతుంది. 'ప' తలకట్టు అతుక్కుంటే 'వ' అవుతుంది. మన లిపిలో ప్రాణమంతా ఆ చిన్న గీతల్లోనే ఉంది. అందుకే పాత పుస్తకాలను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), గ్రేస్కేల్‌లో (బూడిద ఛాయలు పోకుండా) స్కాన్ చేయించి ఆ ఒరిజినల్ కూడా ఉంచండి. ఓసీఆర్ చేశాక, అంటే ఫోటోలోని అక్షరాలను కంప్యూటర్ గుర్తించి టెక్స్ట్‌గా మార్చాక, మనిషి చేత దిద్దించండి.

కొత్త పుస్తకాలకు ఇంత కష్టం కూడా అక్కర్లేదు. ప్రెస్‌కు వెళ్లే ఫైలు మీ దగ్గరే ఉంటుంది. అచ్చేసిన పుస్తకాన్ని మళ్లీ స్కాన్ చేయడమేమిటో నాకైతే అంతుపట్టదు. పాత డీటీపీ ఫాంట్లలో ఉంటే ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్పించి ఇవ్వండి. సైజు, రంగు, లైన్ల మధ్య ఖాళీ మేం సరిచేసుకుంటాం.

విడుదలకు ముందు లో విజన్ ఉన్న పిల్లల చేత ఒక లెక్కల పాఠం చదివించండి. వాళ్లు ఎక్కడ ఆగారో ఆ పేజీ మీ టేబుల్ మీదకు తెప్పించుకోండి.

ఇట్లు,
లో విజన్ ఉన్న ఒక ఉపాధ్యాయుడు